1/12 బుగాటీ టైప్ 35బి: నికెల్, ఇంజిన్ టర్నింగ్, నీలం రంగు. ఏది ముందు, ఏది తర్వాత?

పొగగొట్టం:

అందరికీ నమస్కారం. 1920ల ఫ్రెంచి రేసు కారు బుగాటీ టైప్ 35బి, 1/12 (అసలు కారులో పన్నెండో వంతు) ప్లాస్టిక్ కిట్ మొదలుపెడుతున్నాను. ఇంకా ఫ్రేముల్లోంచి ఒక్క ముక్క కూడా కొయ్యలేదు. వరస తేల్చుకున్నాకే కత్తి పట్టాలని ఆగాను. రంగు కూడా ఖాయం కాలేదు. 1929 మొదటి మొనాకో గ్రాండ్ ప్రీ గెలిచిన విలియం గ్రోవర్-విలియమ్స్ కారుగా ఆకుపచ్చలో చెయ్యాలని ఒక మనసు, అందరికీ తెలిసిన ఫ్రెంచి నీలంలోనే ఉంచాలని ఇంకో మనసు.

నా సందేహాలు:

ఒకటి. రేడియేటర్ షెల్, ముందు యాక్సిల్, మూతలు అన్నీ క్రోమ్ పూతతో వచ్చాయి. మెరుపు మరీ బొమ్మకారు మెరుపులా ఉంది. పూత తీసేయాలా? తీస్తే దాని బదులు ఏం కొట్టాలి?

రెండు. డాష్‌బోర్డు, ఫైర్‌వాల్ మీద చేపపొలుసుల్లా ఉండే ఇంజిన్ టర్నింగ్. కిట్‌తో వచ్చే డెకల్ (అతికించే అచ్చు బొమ్మ) అతికిస్తే అచ్చు కాగితంలా చచ్చుగా కనిపిస్తోంది. అసలు లోహం మీద ఈ స్కేల్లో చెయ్యడం కుదురుతుందా?

మూడు. 1924 నాటి ఫోటోలు చూస్తే కారు దాదాపు తెల్లగా ఉంది. టామియా కంపెనీ స్ప్రే రంగు టీఎస్-10 ఫ్రెంచ్ బ్లూ చూస్తే ముదురు. ఏది నమ్మాలి? ఉండేది విశాఖ, గాలిలో తేమ సంగతి తెలిసిందే. స్ప్రే డబ్బాలు, లాకర్ రంగులు పార్శిల్లో రావడం గగనం కాబట్టి ఆటో పెయింట్ షాపులో దొరికే ఎన్‌సి (నైట్రోసెల్యులోజ్ లాకర్) పెయింటు, ఎన్‌సి థిన్నరు వాడొచ్చా? ఎయిర్‌బ్రష్ నాజిల్ 0.3 మి.మీ.

నాలుగు. ముందు స్ప్రింగును రెండు ముక్కలు చేసి యాక్సిల్‌కు ముందొకటి, వెనకొకటి అతికించమంటోంది ఇన్‌స్ట్రక్షన్ షీటు. అతుకు కచ్చితంగా బయటపడుతుంది. దారేమిటి?

రాగితీగ:

పొగగొట్టం గారూ, ఒకటీ నాలుగూ నేను చెప్తాను. ఇంజిన్ టర్నింగ్‌కి 400గ్రిట్ ఉన్నారు, రంగుల జోలికి నేను పోను.

ముందు చేతిలో ఉన్నది ఏ కారో సరిచూసుకోండి. టైప్ 35 వీల్‌బేస్ 2400 మి.మీ., ట్రాక్ 1200 మి.మీ. అంటే 1/12లో 200, 100. ఛాసిస్ ముక్కలు గ్లూ లేకుండా టేపుతో నిలబెట్టి స్కేలు పెట్టండి. ఒక మి.మీ. తేడా వస్తే ఫరవాలేదు. మూడు వస్తే యాక్సిల్ తప్పు వైపు తిరిగి ఉన్నట్టే. 35బి అంటే 60×100 మి.మీ. బోర్-స్ట్రోక్, 2262 సీసీ, రూట్స్ సూపర్‌ఛార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసే పంపు). కాబట్టి బానెట్ కుడి పక్కన సూపర్‌ఛార్జర్ రిలీఫ్ వాల్వుకి గుండ్రటి కన్నం ఉండి తీరాలి. 1924 నాటి మొదటి 35కి సూపర్‌ఛార్జర్ లేదు (60×88, 1991 సీసీ), కన్నమూ లేదు, రేడియేటర్ కూడా సన్నం. లియాన్ (1924 ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీ జరిగిన ఊరు) ఫోటోలు చూసి 35బి వివరాలు పెట్టడం అందరూ చేసే పొరపాటు. రెఫరెన్స్ ఫోటోలను ఇప్పుడే రెండు ఫోల్డర్లుగా విడగొట్టండి.

ఇక క్రోమ్. తీసెయ్యండి, రెండో ఆలోచన వద్దు. ఆ కారు మీద మెరిసేది నికెల్. క్రోమ్ నీలి ఛాయలో చల్లగా మెరుస్తుంది. నికెల్‌కు కాస్త పసుపు వెచ్చదనం ఉంటుంది. నీలం బాడీ పక్కన పెడితే ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

కిట్ క్రోమ్ అంటే పలచని అల్యూమినియం పొర, దాని కింద ఒక వార్నిష్ పొర. పై పొర హైపోక్లోరైట్ బ్లీచ్‌లో కొద్ది నిమిషాల్లోనే పోతుంది. బాత్రూం కడిగే హార్పిక్‌లోనూ పోతుంది. రెండూ కలపకూడదు, ఒకదాని తర్వాత ఒకటి అదే గిన్నెలో పొయ్యకూడదు. క్లోరిన్ వాయువు వస్తుంది. ఏదో ఒకటే ఎంచుకోండి, కిటికీలు తీసి పెట్టి, గ్లౌజులు వేసుకోండి. పై మెరుపు పోయాక పచ్చగా మిగిలేది వార్నిష్. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. అది ఉండిపోతే అంచులు గుండ్రంగా కనిపిస్తాయి, గ్లూ కూడా పట్టదు.

మళ్లీ మెరుపు తేవడానికి రెండు దారులు.

పెయింటు దారి: గ్లాస్ నలుపు బేసు కొట్టి కనీసం 48 గంటలు ఆరనివ్వండి. దాని మీద ఆల్‌క్లాడ్ (మోడళ్లకు వాడే లోహపు రంగులు) క్రోమ్ 10 పాళ్లకు పేల్ గోల్డ్ 1 పాలు కలిపి, 12-15 పీఎస్ఐ దగ్గర, మంచు పట్టినంత పలచగా నాలుగైదు సార్లు. ఒకేసారి తడిగా కొడితే నలుపు కరిగి బూడిదరంగు వస్తుంది. నలుపు పూర్తిగా ఆరకపోయినా అంతే. పైన క్లియర్ (పారదర్శకమైన పూత) వెయ్యకండి, మెరుపు సగం చచ్చిపోతుంది.

లోహం దారి: యాక్సిల్, రేడియేటర్ మూత, పెట్రోలు ట్యాంకు మూత, స్టీరింగ్ డ్రాప్ ఆర్మ్ ఇత్తడితో చేసి ప్లేటింగ్ షాపులో ఇవ్వండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ప్లేటింగ్ పనివాళ్లు ఉంటారు. అలంకార క్రోమ్ అంటేనే రాగి, దాని మీద నికెల్, ఆఖర్న పలచగా క్రోమ్. మీరు చెప్పాల్సిందల్లా "నికెల్ దాకా చాలు, క్రోమ్ తొట్టిలో ముంచొద్దు" అని. చిన్న ముక్కలు తొట్టిలో జారిపోతాయి కాబట్టి ఒక్కోదానికి కనిపించని చోట రాగి తీగ కట్టి, అన్నీ ఒకే దండగా ఇవ్వండి. ముక్క ఇచ్చేముందు మీరే 1500 గ్రిట్ దాకా రుద్దాలి. ప్లేటింగ్ గీతల్ని కప్పదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది. అక్కడి బఫింగ్ చక్రానికి ఈ సైజు ముక్కలు అప్పజెబితే అంచులు మిగలవు.

రేడియేటర్ షెల్ మాత్రం ప్లాస్టిక్‌దే ఉంచండి. ఇత్తడి రేకుతో ఆ గుర్రపునాడా వంపు తెచ్చి సోల్డర్ చెయ్యడం దానికదే ఒక ప్రాజెక్టు. లోహపు మూత చేతిలో ఉంటుంది కాబట్టి షెల్ మీద పేల్ గోల్డ్ పాలు ఎంతో దాన్ని చూసి సరిపెట్టుకోవచ్చు.

నాలుగో ప్రశ్నకు జవాబు అసలు కారులోనే ఉంది. బుగాటీ ముందు యాక్సిల్ బోలుగా ఫోర్జ్ చేసింది. లీఫ్ స్ప్రింగులు దాని కింద వేలాడవు, యాక్సిల్లో ఉన్న చతురస్రపు కన్నాల్లోంచి దూరి అటు వెళ్తాయి. మీరూ అలాగే దూర్చండి. కిట్ యాక్సిల్లో ఆ కన్నం సగం లోతే ఉంటే 1 మి.మీ. డ్రిల్‌తో నాలుగు మూలల్లో పొడిచి, చిన్న చదరపు ఆకురాయితో పెద్దది చెయ్యండి. స్ప్రింగుకి 0.2 మి.మీ. ఫాస్ఫర్ బ్రాంజ్ లేదా ఇత్తడి పట్టీలు, కిట్ స్ప్రింగు వెడల్పుకి కత్తిరించి, ఒకదానికంటే ఒకటి పొట్టిగా ఐదారు ఆకులు. ఒక్కో ఆకు చివర్లు ఫైలుతో వాలుగా గీకాలి, లేకపోతే మెట్లలా కనిపిస్తాయి. అన్నిటినీ ఒకే గుండ్రటి బాటిల్ మీద వంచి, మధ్యలో ఒక్క చోటే సోల్డర్ చుక్క.

వరస ఇక్కడే ముఖ్యం. యాక్సిల్ ప్లేటింగ్ అయ్యి రావాలి, స్ప్రింగులు దూరాలి, ఆ తర్వాతే స్ప్రింగు చివర్లు ఛాసిస్ కొమ్ములకు బిగించాలి. ఛాసిస్ కొమ్ములు ముందే అతికించేస్తే స్ప్రింగు దూర్చే దారి మూసుకుపోతుంది.

ఇత్తడి యాక్సిల్ వల్ల ఇంకో లాభం, మన ఎండల్లో అది వంగదు. పాలిస్టైరీన్ (కిట్ ప్లాస్టిక్) మెత్తబడాలంటే వంద డిగ్రీల దరిదాపుల్లో వేడి కావాలి, నిజమే. కానీ బరువు మోస్తూ కిటికీ పక్క అద్దాల బీరువాలో రెండు వేసవులు గడిపితే 45 డిగ్రీలకే మెల్లగా జారుతుంది. ముందు చక్రాలు పై వైపు లోపలికి వాలిన 1/12 మోడళ్లకు ఇదీ ఒక కారణం.

400గ్రిట్:

ఇంజిన్ టర్నింగ్ 1/12లో నిక్షేపంగా కుదురుతుంది. 1/24లో మాత్రం డెకలే నయం, చుక్క ఒక మి.మీ. దాటకూడదు కాబట్టి చేత్తో అయ్యే పని కాదు.

లోహం: కూల్‌డ్రింక్ డబ్బా రేకు సుమారు 0.1 మి.మీ. మందం ఉంటుంది, గట్టిది, మెరుపు బాగుంటుంది. కాకపోతే లోపల పారదర్శకమైన పూత ఉంటుంది. అది తియ్యకుండా రుద్దితే మీరు గీస్తున్నది పూతనే, లోహాన్ని కాదు. 400 వాటర్ పేపరుతో ఒకే దిశలో రుద్దితే పోతుంది, తర్వాత 1000, 2000. కర్రీ పాయింట్లలో ఇచ్చే ఫాయిల్ డబ్బా అడుగు ఇంకా మెత్తన, కోత సులువు. కానీ గీతలు త్వరగా పడతాయి. మొదటిసారి డబ్బా రేకుతోనే వెళ్లండి.

అసలు కారు మీద ఒక్కో చుక్క 25 మి.మీ. అనుకుంటే మనకు 2 మి.మీ. చుక్క పెట్టే పనిముట్టు వెదురు పుల్ల: సాతే (కబాబు గుచ్చే) పుల్లను 2 మి.మీ. దాకా గుండ్రంగా తగ్గించి, కొన సరిగ్గా నిలువుకు లంబంగా కోసి, చిన్న డ్రిల్ చక్‌లో 15 మి.మీ. మాత్రమే బయటికి ఉండేలా బిగించండి. వెదురు పీచు గ్రిట్‌ని పట్టి ఉంచుతుంది. బ్యాటరీ ఎరేజర్ రబ్బరు కూడా వాడతారు గానీ అది నొక్కినప్పుడు ఉబ్బి చుక్క సైజు మారిపోతుంది. గ్రిట్‌కు ఆటో స్పేర్ షాపులో దొరికే వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్, అందులో ఫైన్ వైపుది. రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె వేసి జారుగా చేసి రేకంతా పలచగా పుయ్యండి.

ఇక చుక్కకీ చుక్కకీ దూరం. కంటి అంచనాతో చేస్తే మూడో వరసకే వంకర తేలుతుంది. హార్డ్‌వేర్ షాపులో ఎం8 త్రెడ్ రాడ్ కొనండి. దాని పిచ్ 1.25 మి.మీ., అంటే ఒక చుట్టు తిప్పితే నట్టు సరిగ్గా 1.25 మి.మీ. జరుగుతుంది. నట్టును ఒక చెక్క దిమ్మకి అరల్డైట్‌తో అతికించి, ఆ దిమ్మ రెండు పట్టాల మధ్య జారేలా పెడితే పెట్టుబడి లేని స్లైడ్ తయారు. రేకును డబుల్ సైడ్ టేపుతో ప్లైవుడ్ ముక్కకి అతికించి, ఆ ప్లైని దిమ్మ మీద పెట్టండి. డ్రిల్ స్టాండ్ కదలదు, రేకు కదులుతుంది. 2 మి.మీ. చుక్కలు 1.25 దూరంలో పడితే ఒకదాని మీద ఒకటి మూడో వంతు పైగా ఎక్కుతాయి, కావలసింది అదే.

వరస మారేటప్పుడు దిమ్మ మీద ఉన్న ప్లైని అడ్డంగా 1.25 జరపాలి. దానికి ప్లై అంచున గ్రాఫ్ పేపరు అంటించి, ప్రతి 5 మి.మీ.లో నాలుగు వరసలు వచ్చేలా గీతలు గీసుకోండి.

మూడు జాగ్రత్తలు ఉన్నాయి. డ్రిల్ నెమ్మదిగా, 1000-1500 ఆర్‌పీఎం. ఎక్కువైతే పేస్టు బయటికి చిమ్మి చుక్క అంచు తేలిపోతుంది. నొక్కుడు ఒక్క సెకను, ప్రతిసారీ అంతే. మూడోది అందరూ మర్చిపోయేది: రాడ్‌ని ఎప్పుడూ ఒకే వైపు తిప్పాలి, ప్రతి వరసా ఒకే పక్క నుంచి మొదలుకావాలి. వెనక్కి తిప్పుకుంటూ వస్తే నట్టులోని లూజు వల్ల పావు మి.మీ. పోతుంది. అంతకన్నా ఘోరం, పొలుసులు ఒక వరసలో కుడికి, ఒక వరసలో ఎడమకి ఎక్కుతాయి. వెలుతురు పడగానే చారలు చారలుగా తెలిసిపోతుంది.

60×30 మి.మీ. ముక్కకు 48 × 24, అంటే 1152 చుక్కలు. వెదురు కొన ప్రతి రెండు వరసలకూ అరుగుతుంది, గ్రిట్ పేపరు మీద ఒకసారి సమం చేసి పేస్టు మళ్లీ రాయాలి. మధ్యలో లేవకుండా ఒకే విడతలో పూర్తి చెయ్యండి. మధ్యలో డ్రిల్ విప్పితే చుక్క మధ్యబిందువు మారిపోతుంది.

అయ్యాక పైన క్లియర్ కొట్టొద్దు. కోణం మారినప్పుడు కదిలే ఆ తళుకు క్లియర్ కింద చచ్చిపోతుంది.

బేరింగ్_బాబు:

రంగు సంగతి నేను.

పాత ఫోటోల్లో తెల్లగా కనిపించడానికి కారణం కారు కాదు, ఫిల్మ్. ఆ రోజుల్లో ఎక్కువగా వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్‌కు ఎరుపు కనపడదు, నీలం మాత్రం అతిగా కనిపిస్తుంది. అందుకే ఇటలీ ఎర్ర కార్లు ఆ ఫోటోల్లో నల్లగా, ఫ్రెంచి నీలాలు దాదాపు తెల్లగా వస్తాయి. బ్లాక్ అండ్ వైట్ ఫోటో చూసి నీలం ఎంతో తేల్చడం కుదరని పని. అయినా 1924 కార్ల నీలం ఇప్పుడు మ్యూజియాల్లో చూసే ముదురు నీలం కంటే లేతదే. టీఎస్-10నే ఆధారంగా తీసుకుని, 10 పాళ్లకు 1 నుంచి 2 పాళ్లు తెలుపు కలపండి. స్కేల్ చిన్నదైనప్పుడు ఎలాగూ రంగు ఒక మెట్టు తేలికగా ఉంటేనే కంటికి సరిగ్గా ఆనుతుంది. మొనాకో కారైతే ఈ గొడవే లేదు, ముదురు ఆకుపచ్చ, 12వ నంబరు.

ఎన్‌సి థిన్నరు గురించి. నేరుగా ప్లాస్టిక్ మీద వద్దు. పాలిస్టైరీన్‌ని అది తింటుంది. ముఖ్యంగా అచ్చులోకి ప్లాస్టిక్ దిగిన గేటు దగ్గర ఒత్తిడి మిగిలి ఉంటుంది, అక్కడ వెంట్రుకల్లాంటి పగుళ్లు లేస్తాయి. ఒకసారి లేచాక ఎంత పుట్టీ పెట్టినా మళ్లీ పైకి తేలుతాయి. మధ్యలో అడ్డుగోడ కావాలి: మిస్టర్ సర్ఫేసర్ 1500 (మోడళ్లకు వాడే ప్రైమరు), లెవలింగ్ థిన్నరుతో 1:1.5, పలచగా మూడు పూతలు, ఒక రాత్రి ఆరబెట్టి 1500 పేపరుతో తడి రుద్దుడు. దాని మీద ఎన్‌సి రంగు మొదటి రెండు పూతలూ పొడిపొడిగా, దూరం నుంచి మంచులా. మూడోదే తడిగా. ఇదంతా ముందు స్ప్రూ (కిట్ ముక్కలు అంటుకుని వచ్చే ఫ్రేము) ముక్క మీద చేసి 24 గంటలు ఆగి చూడండి.

ఆటో షాపులో రంగు కలపమన్నప్పుడు సాలిడ్ షేడ్ అని చెప్పండి, మెటాలిక్ బేసు వద్దు. బాడీ, బానెట్, తోక, ఛాసిస్ అన్నిటికీ సరిపడా ఒకేసారి కలిపి పెట్టుకోండి, థిన్నరు కలపక ముందు 50 మి.లీ. ఉంటే నిశ్చింత. రెండోసారి కలిపింది మొదటిదానికి ఎప్పుడూ సరిపోదు.

విశాఖ తేమకు: గాలి తేమ 75 శాతం దాటితే లాకర్ కొట్టకండి. థిన్నరు ఆరుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని నీరు దాని మీద పట్టి తెల్లటి మసక వస్తుంది. గడియారంతో కలిసి వచ్చే చౌకరకం హైగ్రోమీటర్ చాలు. తప్పనిసరైతే థిన్నరులో పదో వంతు రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మదింపజేసేది) కలపండి. మసక వచ్చేసినా కంగారు పడొద్దు, రిటార్డర్ ఒక్కటే పలచగా కొడితే పై పొర మళ్లీ మెత్తబడి నీరు పోతుంది. కంప్రెసర్ ట్యాంకు అడుగు వాల్వు ప్రతి గంటకీ తెరిచి నీళ్లు వదలండి. మాయిశ్చర్ ట్రాప్ కంప్రెసర్ దగ్గర కాకుండా ఎయిర్‌బ్రష్ పిడికి ఆనుకుని ఉంటే మేలు. గొట్టంలో గాలి చల్లబడ్డాకే కదా నీరయ్యేది. వేసవి మధ్యాహ్నాలది ఇంకో రోగం: రంగు దారిలోనే ఆరిపోయి ఇసుక పట్టినట్టు గరుకుగా పడుతుంది. దానికీ మందు రిటార్డరే, పైగా దూరం 10 సెం.మీ.కు తగ్గించండి.

పైన 2కె (హార్డెనర్ కలిపి కొట్టే రెండు భాగాల) క్లియర్ కొట్టండి, ఆ మెరుపుకి సాటి లేదు. హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి కాబట్టి గుడ్డ మాస్కు కాదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. అది లేకపోతే 2కె ఊసే ఎత్తొద్దు.

రాగితీగ:

బాబూ, 2కె దగ్గర మాత్రం ఒప్పుకోను. క్లియరే 0.1 మి.మీ. అయితే 1/12లో అది 1.2 మి.మీ. మందం. బానెట్ లూవర్ల (గాలి పోయే చీలికల) అంచులు, రివెట్ తలలు అన్నీ మునిగిపోతాయి. 1920ల రేసు కారు షోరూంలో తడిసి నిలబడ్డట్టు ఉండకూడదు. రంగు పూత మీదే 3000 పేపరు, ఆ తర్వాత ఫైన్ రబ్బింగ్ కాంపౌండ్ చాలు.

బేరింగ్_బాబు:

అన్నా, తోక మీద అంత పెద్ద నున్నటి వంపు ఉంది, కాంపౌండ్‌తో రుద్దేటప్పుడు అంచుల దగ్గర ప్రైమరు బయటపడితే? సరే, మధ్యేమార్గం: ఎన్‌సి క్లియర్, పలచగా రెండే పూతలు, అదీ తోక, స్కటిల్ (బానెట్‌కీ డ్రైవరు సీటుకీ మధ్య భాగం) మీద మాత్రమే. లూవర్లున్న బానెట్ పక్కలకు వద్దు. లూవర్లకు నల్ల వాష్ (సందుల్లోకి పారించే పలచని రంగు) కూడా వద్దు. నీలం మీద గీత గీసినట్టు ఉంటుంది. అదే నీలంలో నలుపు, కొంచెం గోధుమరంగు కలిపి వాడండి.

పొగగొట్టం:

చాలా థాంక్స్ అండి. నీలమే ఖాయం చేశాను. డబ్బా రేకు మీద చిన్న నమూనా చేశాను, పొలుసులు బాగానే పడ్డాయి. రెండు ఇబ్బందులు వచ్చాయి. డబుల్ సైడ్ టేపు మీంచి రేకు లాగేసరికి చుట్టలా చుట్టుకుపోయింది. మీటర్లకు కన్నం డ్రిల్‌తో వేస్తే అంచు చిరిగింది. ఇంకా, చక్రాల గురించి, టైర్ల గురించి ఎవరూ ఏమీ అనలేదు?

400గ్రిట్:

రేకు లాగకూడదు. చెక్కతో సహా పళ్లెంలో పెట్టి ఎన్‌సి థిన్నరు పోసి అరగంట వదిలెయ్యండి, టేపు జిగురు కరిగి దానంతటదే తేలుతుంది. కన్నాలు కూడా టేపు మీంచి తియ్యక ముందే వెయ్యాలి, వెనక చెక్క ఆనిక ఉన్నప్పుడే. డ్రిల్ వద్దు. మీటరు సైజు ఇత్తడి గొట్టం తీసుకుని, లోపలి అంచును కోన్ రాయితో పదును పెట్టి, పై నుంచి వేళ్లతో తిప్పుతూ నొక్కండి. బిస్కట్ కోసినట్టు గుండ్రంగా ఊడుతుంది. టర్నింగ్ పూర్తయ్యాకే కన్నాలు. ముందే వేస్తే వెదురు కొన కన్నం అంచున తట్టుకుని రేకుని లేపుతుంది.

డాష్ మీద అతికించడానికి ఫెవిక్విక్ వాడొద్దు. దాని ఆవిరి తెల్ల బూజులా రేకు మీద పడుతుంది, తేమ ఉన్న చోట మరీ ఎక్కువ. అరల్డైట్ పలచగా పూసి, పైన కాగితం, దాని పైన స్పాంజి, దాని మీద బరువు, ఒక రాత్రి.

రాగితీగ:

చక్రాలు. 35బివి పోత పోసిన అల్యూమినియం చక్రాలు, ఎనిమిది చదును ఆకులు, బ్రేక్ డ్రమ్ చక్రంతోనే ఒకే పోత. ఇప్పటి కార్లలో పాలిష్ చేస్తున్నారు గానీ, పోత గరుకుదనం ఉంటేనే అప్పటి రేసు కారులా ఉంటుంది. సర్ఫేసర్ 1000ని కావాలనే కొంచెం దూరం నుంచి పొడిగా కొట్టి, దాని మీద మ్యాట్ అల్యూమినియం. ఆకుల మొదళ్లలో ముదురు గోధుమ వాష్. నాలుగు చక్రాలతో పాటు ఎడమ పక్కన పట్టీతో కట్టే స్పేర్ కూడా ఒకే విడతలో కొట్టండి, లేకపోతే అదొక్కటే వేరే ఛాయలో తేలుతుంది. ఎవరైనా 35ఎ చేస్తుంటే ఇది వర్తించదు, దానికి తీగ చువ్వల చక్రాలు.

టైర్లు: మొదటి 35కి 710×90, తర్వాతి వాటికి 28×4.95 అంగుళాలు. రెండూ బయటి వ్యాసం 59 మి.మీ. దగ్గరే వస్తాయి, వెడల్పులోనే తేడా, 7.5 ఒకటి, 10.5 ఒకటి. వెర్నియర్ పెట్టి చూడండి, 35బికి వెడల్పుదే సరి. అచ్చు గీత తియ్యడానికి టైరును పెద్ద బోల్టుకి రెండు వాషర్ల మధ్య బిగించి డ్రిల్లులో నెమ్మదిగా తిప్పుతూ 180, తర్వాత 320 పేపరు. కిట్ టైరు పీవీసీ అయితే అందులోని మెత్తదనం ఇచ్చే నూనె కాలక్రమంలో రిమ్ము ప్లాస్టిక్‌లోకి ఇంకి దాన్ని కరిగిస్తుంది. పాత మోనోగ్రామ్ 1/24 బుగాటీ లాంటి కిట్లు సెకండ్‌హ్యాండ్లో కొనేవాళ్లు ఇది తప్పక చూసుకోవాలి. ప్లంబర్లు వాడే టెఫ్లాన్ టేపు రిమ్ము చుట్టూ ఒక్క చుట్టు చుట్టి ఆ పైన టైరు ఎక్కించండి. బయటికి కనపడదు.

లాక్ వైర్ మీరు అడగలేదు గానీ, 35కి అదే ప్రాణం. బాడీ అంచు వెంట బోల్టు తలల్ని కలుపుతూ తీగ పోతుంది. మోటార్ వైండింగ్ షాపులో 42 ఎస్‌డబ్ల్యూజీ రాగి తీగ అడగండి, 0.1 మి.మీ. ఉంటుంది. రెండు పోగులు పెనవేసి వాడండి. పెనవెయ్యడానికి పిన్ వైస్‌కి (చేత్తో తిప్పే చిన్న డ్రిల్ పిడికి) ఒక చివర బిగించి తిప్పితే చాలు. పెనవేశాక రెండు వైపులా ప్లయర్‌తో పట్టుకుని, తీగ కొంచెం సాగినట్టు తెలిసేదాకా లాగండి. గట్టిపడి నిటారుగా నిలుస్తుంది, లాగకపోతే అతికించాక అలలు అలలుగా ఉంటుంది. బోల్టు తలలో 0.3 మి.మీ. కన్నం. అన్నిటికీ వెయ్యక్కర్లేదు, పక్క నుంచి చూస్తే కనిపించే వరసకు చాలు. దీన్ని రంగు, పాలిషింగు పూర్తయ్యాకే కట్టాలి. కాంపౌండ్ గుడ్డకి ఒక్క పోగు తగులుకుందంటే వరసంతా ఊడి వస్తుంది.

బానెట్, స్పేర్ చక్రాన్ని కట్టే పట్టీలకు రెక్సిన్ వద్దు, మందం, పైగా అంచు తెల్లగా కనిపిస్తుంది. పాత పర్సు లోపలి మెత్తటి తోలు వెనక నుంచి బ్లేడుతో గీకి 0.3 మి.మీ.కు తెచ్చి, 2 మి.మీ. వెడల్పు కొయ్యండి. అంచులకు అదే గోధుమరంగు మార్కర్ పెన్ను రాస్తే సరి. బకిల్‌కు 0.3 మి.మీ. తీగను 2 మి.మీ. పట్టీ చుట్టూ వంచి ఒక్క సోల్డర్ చుక్క. స్పేర్ చక్రం పట్టీ మాత్రం చక్రాన్ని పెట్టాక చుట్టి, వెనక పక్క బాడీ కిందకి వెళ్లే చోట అతికించండి. ముందే అతికిస్తే బిగువు రాదు, వదులు పట్టీతో చక్రం గాల్లో వేలాడుతున్నట్టు ఉంటుంది.